తిత్తి పట్టినవాడి పక్కన

"తిరునాళ్ళ కోసం పోతున్నవా, తిత్తి కోసం పోతున్నవా?" అని ముదిగొండలో బస్సెక్కే ముందు మామ అడిగాడు.

"రెండూ ఒక్కచోటే గదా మామా."

"ఒక్కచోటే. కానీ తిరునాళ్ళలో మనుషులు వేలమంది ఉంటరు. తిత్తి ఉంటే ఒకటుంటది. దొరక్కపోతే నా మీదికి రావద్దు."

ఆ తిత్తి మాట నా చెవిన వేసిందే ఆయన. మామ చిన్నతనంలో కోతలయ్యాక ఊళ్ళోకి వీధి భాగవతం మేళం వచ్చేదట. పెట్రోమాక్సు వెలుగు సత్యభామ జడ మీదా, మద్దెల మీదా పడేదిగానీ, తెర పక్కన గొంతుక్కూర్చున్న మనిషి దాకా వచ్చేది కాదు. ఆ మనిషి చంకలో ఒక మేకపిల్ల. తల లేదు, కాళ్ళున్నాయి. ఆట సాగినంతసేపూ అది ఒకటే అరుపు అరుస్తూ ఉండేది. భాగవతులు మేక తల కొట్టి, మొండేన్ని తెల్లవార్లూ ఏడిపిస్తారని మామా ఆయన ఈడు పిల్లలూ చాలాకాలం నమ్మారు. ఒక పొద్దున మేళం సామాన్లు సర్దుకుంటుంటే ధైర్యం చేసి ముట్టుకుని చూశారు. ఒట్టి తోలు. సొట్టలు పడి, చేతిలో మెత్తగా నలిగింది.

మేకపిల్ల తోలును పొట్ట చీల్చకుండా నిండుగా ఒలిచి, శుద్ధి చేసి, అక్కర్లేని కంతలన్నీ బిగించి కట్టేస్తారు. మిగిలిన వాటిలో ఒకదానికి ఊదే గొట్టం, ఇంకోదానికి మోగే గొట్టం. మోగే గొట్టం లోపల వెదురుతోనో రెల్లుతోనో చేసిన పీక ఉంటుంది. నోటితో ఊది తిత్తి నింపి, చంకలో పెట్టుకుని మోచేత్తో నొక్కుతుంటే గాలి పీకను ఒరుసుకుంటూ బయటికి పోతుంది. ఊదేవాడు ఊపిరి పీల్చుకునే క్షణంలో కూడా మోత ఆగదు. స్కాట్లండు వాళ్ళ బ్యాగ్‌పైపుదీ ఇదే సూత్రం. తేడా ఏమిటంటే దానికి పాట పలికించే గొట్టం వేరే ఉంటుంది, దాని మీద వేళ్ళు ఆడతాయి. మన తిత్తి పాట పాడదు. ఒక్క స్వరం పట్టుకుని కూర్చుంటుంది. ఆ స్వరం మీద ఇంకెవరో పాడతారు.

బయటివాళ్ళు దీన్ని చాలాకాలం కిందటే చూశారు. ఫ్రెంచి యాత్రికుడు పియర్ సోనెరా 1782లో అచ్చువేసిన తన ప్రయాణాల పుస్తకంలో దీన్ని 'తూర్తి' అని రాసుకున్నాడు.  1891లో కెప్టెన్ సి.ఆర్. డే అనే ఇంగ్లీషు సైనికాధికారి దక్షిణాది, దక్కను వాయిద్యాల మీద రంగుల బొమ్మలతో పెద్ద పుస్తకం వేసి, అందులో దీనికి 'శ్రుతి ఉపాంగం', 'భజన శ్రుతి' అని రెండు పేర్లిచ్చాడు. తుపాకి పట్టాల్సిన మనిషి ఇంత ఓపిగ్గా మన పీకలూ తీగలూ కొలుచుకుంటూ తిరిగాడు. తొమ్మిదేళ్ళకు దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో చచ్చిపోయాడు.

నిజానికి ఊదే వాయిద్యాలు చూడాలంటే ముదిగొండ నుంచి నేను పోవాల్సిన దిక్కు ఉత్తరం అనుకున్నాను మొదట. ఖమ్మం జిల్లా అనగానే బయటివాళ్ళకు అడవి గుర్తొస్తుంది. ముదిగొండలో అడవి ఎక్కడుంది? రోడ్డు పక్కన గ్రానైటు రాళ్ళు కోసే మిల్లులు, పత్తి చేలు, వరికోత యంత్రాలు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు అడవిలో ఎక్కువ భాగం భద్రాద్రి కొత్తగూడెం పేరుతో అటు పోయింది. ఆ పక్క మణుగూరు మండలం కూనవరంలోనే సకిని రామచంద్రయ్య ఉండేవాడు. డోలి కోయల కథాగానానికి, కంచుమేళానికి 2022లో పద్మశ్రీ వచ్చిందాయనకు. 2024 జూన్‌లో కాలం చేశాడు. సమ్మక్క సారలమ్మల కథను, పగిడిద్దరాజు కథను కాగితం ముక్క లేకుండా చెప్పినవాడు. ఆ కోయ మేళంలో డోలు, కంచుతాళం, కొమ్ము. కొమ్ము ఊదేవాడి గాలి నేరుగా నోట్లోంచి ఇత్తడిలోకి పోతుంది, ఊపిరి అయిపోతే మోత అయిపోతుంది. మనిషి దమ్ము ఎంతో వినేవాడికి తెలుస్తుంది. కోయ కొమ్ముకు తోలు సంచి అక్కర్లేదు, ఎందుకంటే దాని పని పిలవడం. దేవతను పిలుస్తుంది, గూడేన్ని పిలుస్తుంది. వెనక నిలబడే పని దానిది కాదు.

వెనక నిలబడే వాయిద్యం కావాలంటే దక్షిణానికి, కృష్ణ దాటి పల్నాడుకు పోవాలి. పల్నాటి వీరుల కథ చెప్పే వీరవిద్యావంతుల మేళంలో పంబజోడు, తాళాలు, తిత్తి ఉంటాయని పుస్తకాల్లో చదివాను. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో వాళ్ళంతా కలుస్తారు. ఈసారి నడిమి రోజులు శని, ఆదివారాల్లో పడ్డాయి. ఆఫీసుకు సెలవు పెట్టక్కర్లేదు.

ముదిగొండ వదిలే ముందు అమరుల సంగతి ఒక మాట చెప్పాలి. 2007 జూలై 28న ఇక్కడ ఇళ్ళస్థలాల కోసం, భూముల కోసం సాగిన ఆందోళనలో పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు పోయారు. జూలై వచ్చిందంటే ఎర్రజెండాలు కడతారు, ఆ పేర్లు చదువుతారు, పాటలు పాడతారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళ కోసం పాడే ఊరికి బయల్దేరుతుంటే ఈ ఊరి సంగతి మనసులో మెదలకుండా ఎలా ఉంటుంది? పోరాటంలో పోయినవాళ్ళ పేర్లు ఏడాదికోసారి బిగ్గరగా పలకాలన్న పట్టుదల రెండుచోట్లా ఒకటే.

బస్సు నేలకొండపల్లిలో ఆగింది. కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరలో పడి రామదాసైన మనిషి. టీ కొట్టు దగ్గర ఎవరో ఫోన్లో ఆయన కీర్తన పెట్టుకున్నారు. పాట వెనక తంబురా నాదం అరిగిపోయిన స్పీకర్లో ఈగ మోతలా వినిపిస్తోంది. కోదాడలో బస్సు మారాను. హుజూర్‌నగర్, మిర్యాలగూడ దాకా వరి గడ్డి వాసన, రైసుమిల్లుల ఊక. వాడపల్లి వచ్చేసరికి గాలిలో సిమెంటు దుమ్ము. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదు కడిగి పారబోసిన నీళ్ళన్నీ మోసుకొచ్చే నది ఇక్కడ అగస్త్యేశ్వరుడి గుడి కింద మర్యాదగా ఒదిగిపోతుంది. వంతెన దాటితే పొందుగల, ఆంధ్రప్రదేశ్. దాచేపల్లి నుంచి కారెంపూడి దాకా నేల రంగు మారింది. నాపరాళ్ళ గోడలు, మిరప చేలు, మధ్యలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు.

కారెంపూడిలో దిగేసరికి మందపోరు రోజు. అయిదు రోజులకూ అయిదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. కథలో జరిగినవే మళ్ళీ ఊళ్ళో జరుగుతాయి. గురజాల నలగామరాజు పక్క నాయకురాలు నాగమ్మ, మాచర్ల మలిదేవుల పక్క బ్రహ్మనాయుడు. అన్నదమ్ముల పంపకంతో మొదలై, కోడిపందెంతో ముదిరి, పన్నెండో శతాబ్దం చివర ఇక్కడే నాగులేటి ఒడ్డున ముగిసిన యుద్ధం. చదువుకున్నవాళ్ళు శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర పేరు చెబుతారు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చువేసినప్పటి నుంచీ అది ఎవరు రాశారన్న తగాదా పండితులది. ఇక్కడికొచ్చిన జనానికి ఆ తగాదా పట్టదు. వాళ్ళకు కథ రాత్రిపూట విద్యావంతుడి నోట్లోంచి వస్తుంది.

వీధుల్లో కొణతాలు కదులుతున్నాయి. పసుపు రాసి, పూలు చుట్టి, గజ్జెలు కట్టిన ఆయుధాలు. ఈ వీరులను కొలిచే వీరాచారులు ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వాటిని భుజాన మోసుకొస్తారు, నాగులేటిలో కడుగుతారు, వీరుల గుడికి తెస్తారు. కొందరు పూనకంతో కత్తిసేవ చేస్తున్నారు, గుండెల మీద కత్తి మోత వినపడుతోంది. డప్పులు, కొమ్ములు, మైకు ప్రకటనలు, బూందీ దుకాణం వాడి కేకలు. ఇంత గోలలో ఒక్క స్వరం పలికే తోలు సంచిని వెతుకుతున్నానని ఎవరికైనా చెబితే నవ్వుతారు.

మధ్యాహ్నం చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడన్న కథకు గుర్తు. మాల కన్నమదాసును సేనాని చేసిన మనిషి అతడు. ఈ కథను తరతరాలుగా నోట మోసుకొచ్చిన విద్యావంతులూ మాలలే. చాపకూడు గురించి ఉపన్యాసాలు చాలా విన్నానుగానీ, ఇక్కడ బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన అన్నం కలుపుకుంటూ "ఏడాదికోసారన్నా కూర్చుంటన్నారు, మంచిదే" అన్నాడు. 'ఏడాదికోసారన్నా' అన్నప్పుడు ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఆయన పక్కన గోనెసంచీ ఒకటి ఉంది. దాంట్లోంచి ఒక గొట్టం మూతి బయటికి పొడుచుకొచ్చింది.

నేను చూడటం ఆయన చూశాడు. "తిత్తి" అన్నాడు. "రాత్రికి రా అబ్బాయా, వినొచ్చు."

రాత్రి వీరుల గుడి దగ్గర ఒక్క మేళం కాదు, అక్కడక్కడా కొన్ని గుంపులు. గుడిలో అరవై ఆరుగురు వీరనాయకులకు గుర్తుగా రాళ్ళు. ఆ పక్కన కథకుడు కత్తి పట్టుకుని నిలబడి చెబుతున్నాడు. పంబజోడు అంటే రెండు డోళ్ళ జంట, ఒకటి కొయ్యది, ఒకటి లోహానిది, ఒకదాని మీద ఒకటి కట్టి ఉంటాయి. అది మోగుతుంటే కడుపులో కదులుతుంది. మొదట నేను నిలబడిన గుంపులో శ్రుతి ఫోన్లోంచి వస్తోంది. చిన్న స్పీకరు పెట్టెకు తీగ తగిలించి, తంబురా యాప్ పెట్టి వదిలేశారు. తప్పు పట్టలేం. శుభ్రంగా ఉంది, అణువంత కదలదు. కథకుడికి ఏ శ్రుతి కావాలంటే అది వేలితో తాకితే వస్తుంది. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే మాత్రం కథలో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరబోతూ ఒక్క క్షణం ఆగాల్సి వచ్చింది.

అవతలి గుంపులో మా పెద్దాయన ఉన్నాడు. ఆయన తిత్తి నల్లబడి, నూనె పట్టి, చంక దగ్గర సైకిలు ట్యూబు ముక్క అతికించి ఉంది. ఊదుతుంటే బుగ్గలు ఉబ్బడం లేదు. గాలి నింపి, గొట్టం మూతిని నాలుకతో మూసి, మోచేతిని మెల్లగా పక్కటెముకల మీదికి తెస్తున్నాడు. ఎక్కువ నొక్కితే స్వరం పైకి జారుతుంది, తగ్గితే కిందికి వాలుతుంది. కాబట్టి నోరు నింపుతున్నప్పుడు చెయ్యి వదలాలి, నోరు ఆగినప్పుడు చెయ్యి బిగించాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ రాత్రంతా సాగాలి. స్వరం ఒక్కటే, ఇందులో విద్య ఏముంది అనుకునేవాడు ఆ మోచేతిని అయిదు నిమిషాలు చూస్తే చాలు.

ఫోన్ శ్రుతికీ దీనికీ తేడా నా చెవికే తెలిసింది. పీక పలికే స్వరం నున్నగా ఉండదు. అంచులో ఒక గరుకు ఉంటుంది, మేక అరుపు జీర అన్నమాట. మామ ముఠా పొరపడ్డారంటే తప్పు వాళ్ళది కాదు. పంబ దెబ్బ పడ్డప్పుడల్లా ఫోన్ శ్రుతి మునిగిపోతోంది. తిత్తి మునగడం లేదు. ఆ గరుకే దాన్ని పైకి నిలబెడుతోంది. ఆరుబయట, డోళ్ళ మధ్య, వందల చెవులకు చేరాల్సిన శ్రుతి అది. గదిలో పాడే పాట కోసం చేసిన తంబురా నాదాన్ని తెచ్చి ఈ పని అప్పగించడం న్యాయం కాదు.

నడిరాత్రి దాటాక కథ కాస్త ఆగింది. టీ తాగుతూ పెద్దాయన పక్కన కూర్చున్నాను.

"ఎప్పటినుంచి పడుతున్నావు తాతా?"

"పిల్లప్పటి నుంచి. మా మేనమామ కత్తి పట్టేవోడు. నన్ను పక్కన కూర్చోబెట్టి తిత్తి ఇచ్చాడు. నీకు పాట వచ్చేదాకా ఇది పట్టుకో అన్నాడు."

"వచ్చిందా?"

"వచ్చింది. కథంతా వచ్చు. గొంతు రాలా." నవ్వాడు. "గొంతు రానోడు తిత్తికాడే ఉండిపోతాడు. వచ్చినోడు లేచి కత్తి పట్టుకుంటాడు."

ఈ మాట విన్నాక నాకు ఆ రాత్రి మిగతాదంతా వేరుగా వినిపించింది. తిత్తి పట్టినవాడికి నోరు ఖాళీ ఉండదు, చేతులు ఖాళీ ఉండవు, లేచి తిరగడానికి లేదు, నిద్రపోతే మోత ఆగిపోతుంది కాబట్టి నిద్రకూ లేదు. ఖాళీగా ఉండేవి చెవులు రెండే. ఏళ్ళ తరబడి కథకుడికి మూరెడు దూరంలో కూర్చుని, ఏ పదం దగ్గర ఊపిరి తీసుకుంటాడో, జనం కునికితే ఏ ఘట్టం తెగ్గోస్తాడో, ఎక్కడ సాగదీస్తాడో వినడమే వాడి పని. బడి, పుస్తకం లేని విద్యకు అంతకంటే మంచి జాగా ఇంకెక్కడ దొరుకుతుంది? యాప్ వచ్చి తిత్తి మోతను మింగింది అంటే నేను అంతగా బాధపడను, మోతలు మారుతుంటాయి. కథకుడి పక్కన ఒక కుర్రాడు కూర్చోవాల్సిన చోటు పోయింది. ఫోన్ ఆ చోట్లో కూర్చుంది, ఫోనుకు కథ రాదు.

మార్పు ఫోనుతో మొదలు కాలేదు. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజాలు తెలుగు ఊళ్ళల్లో తిరిగాక మన నాటకానికి రంగు తిరిగింది. తర్వాత పద్యనాటకం, దానితో హార్మోనియం. హార్మోనియం శ్రుతి వేస్తుంది, స్వరాలూ వాయిస్తుంది, దాని ముందు కూర్చున్నవాడు పెద్దమనిషిలా కనపడతాడు. చచ్చిన మేకను చంకలో పెట్టుకోవాల్సిన పని లేదు. తోలు ముట్టడాన్ని తక్కువగా చూసే దేశంలో ఈ చివరి కారణం చిన్నది కాదని నా అనుమానం. భాగవత మేళాలు తిత్తిని ముందుగా వదిలేశాయి. 1979లో బెంగుళూరులో జి. రాజ్ నారాయణ్ రాడెల్ పేరుతో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తెచ్చాక కచేరీల్లో మనిషి ఊదే శ్రుతికి పనే లేకపోయింది. వీరవిద్యావంతుల దగ్గర మిగిలిందంటే, వాళ్ళను పెద్దమనుషులుగా మార్చాలని ఎవరూ పూనుకోకపోవడం వల్లేనేమో.

1970ల్లో జీన్ రోఘేర్ అనే అమెరికన్ పల్నాడు వచ్చి ఈ కథ రికార్డు చేసుకున్నాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేసిన ఆ పుస్తకం అట్ట మీదే 'అలిశెట్టి గాలెయ్య పాడినట్టుగా' అన్న అర్థం వచ్చేలా గాయకుడి పేరు ఉంటుంది. మన పండితులు శ్రీనాథుడి పేరు దాటి రాలేకపోయిన చోట ఒక విదేశీయుడు పాడిన మాల విద్యావంతుడి పేరు అట్టకెక్కించాడు. పెద్ద మర్యాదే. ఆ అట్ట మీద తిత్తి పట్టినవాడికి చోటు లేదు. ఉంటుందని ఎవరూ అనుకోరు కూడా.

వేరే దేశాల్లో ఈ మనుషులకు ప్రత్యేకంగా తిరునాళ్ళే జరుగుతాయి. ఇటలీలో మొలీసే కొండల్లో స్కాపోలి అనే చిన్న ఊళ్ళో 1975 నుంచి జూలై చివరి శని, ఆదివారాల్లో జంపోన్యా వాయించేవాళ్ళు, చేసేవాళ్ళు కలుస్తారు. జంపోన్యా కూడా మేకతోలు సంచే. ఒకప్పుడు క్రిస్‌మస్ ముందు కొండల నుంచి గొర్రెల కాపరులు దాన్ని వాయించుకుంటూ రోముకూ నేపుల్సుకూ దిగేవాళ్ళు. చెక్ దేశంలో స్ట్రకోనిత్సె 1967 నుంచి అంతర్జాతీయ ఉత్సవమే జరుపుతోంది. మార్చి 10ని బ్యాగ్‌పైపు దినంగా పెట్టుకున్నారు. ఈ సభల్లో నన్ను ఆకర్షించేది వాయించడం కాదు, చేసేవాళ్ళు బల్లలు వేసుకుని కూర్చోవడం. పీకలు అమ్ముతారు, తోలు అమ్ముతారు, కుర్రాళ్ళు వచ్చి గొట్టాల్లోకి తొంగిచూస్తారు. దగ్గర్లోనే చూస్తే గఢ్వాల్ పెళ్ళిళ్ళలో మషక్‌బీన్ లేకుండా ఊరేగింపు కదలదు. బ్రిటిషు పటాలాల నుంచి వచ్చిన వాయిద్యం అది, కొండవాళ్ళు సొంతం చేసుకున్నారు. పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ కార్ఖానాలు ప్రపంచమంతటికీ బ్యాగ్‌పైపులు ఎగుమతి చేస్తాయి. గణతంత్ర దినోత్సవం నాడు మన సైనికులు చంకలో సంచి పెట్టుకుని నడుస్తుంటే టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొడతాం. అది స్కాట్లండు నుంచి వచ్చింది కాబట్టి తోలు మైల అంటదు.

ఆదివారం కోడిపోరు. జనం నిన్నటికి రెట్టింపు. ఎండ ఎక్కకముందే పెద్దాయనను వెతుక్కుంటూ పోయాను. ఆయన గుడి వెనక నీడలో కూర్చుని పీక సరిచేసుకుంటున్నాడు. చీల్చిన నాలుక మీద చిన్న మైనం ముద్ద పెడుతున్నాడు. మైనం పెడితే నాలుక బరువెక్కి స్వరం దిగుతుంది, గోటితో గీకేస్తే ఎక్కుతుంది. కథకుడి గొంతు పొద్దున ఒకలా, అర్ధరాత్రి ఒకలా ఉంటుంది కాబట్టి ఆ మైనం ఉండ ఎప్పుడూ చెవి వెనకే అంటించుకుని ఉంటాడు.

"ఇది ఎవరు చేశారు తాతా?"

"నేనే. ఎవరిది వాళ్ళే చేసుకోవాల. కొనేదానికి యాడ దొరుకుద్ది?"

ఇటలీ సంగతి చెప్పాను, బల్లల మీద పెట్టి అమ్ముతారని. ఆయన ఆసక్తిగా విన్నాడు. ధర ఎంతుంటుందని అడిగాడు. చెబితే కాసేపు మాట్లాడలేదు.

కొత్త తిత్తి చేద్దామంటే ఏం కావాలని అడిగాను. ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. వెదురుకు కొదవ లేదు. మైనం దొరుకుతుంది. తంగేడు చెక్క పొలం గట్లమ్మట ఉంది, తోలు అందులో నానేస్తాడు. పీక కోయడం చేతికొచ్చిన పని. ఒక్క తోలే రావడం లేదు.

"ఊళ్ళో ఆదివారం ఇన్ని మేకలు కోస్తుంటే తోలు దొరక్కపోవడమేంటి?"

"తోలుకేం, ఊరికే ఇస్తాడు. ఒకప్పుడు తోలుకు రేటుండేది, సాయిబులు వచ్చి లెక్కబెట్టి కొనకపోయేవోళ్ళు. ఇప్పుడు కొనేవోడే లేడు, గుంతలో పారేత్తన్నారు. కానీ నాకు కావాల్సింది చీల్చని తోలు. మెడకాడ కోసి, కాళ్ళకాడ కోసి, చొక్కా ఇప్పినట్టు వెనక్కి గుంజుకుంటా రావాల. కత్తి గాటు ఒక్కటి పడ్డా గాలి నిలవదు. దానికి అరగంట పడుద్ది. ఆదివారం కొట్టు ముందు ఇరవైమంది నిలబడుంటే అరగంట నాకిస్తాడా? పొట్ట బర్రున చీల్చి అయిదు నిమిషాల్లో ఒలిచేత్తాడు. ఊరికే ఇచ్చే తోలు గాలికి పనికిరాదు."

"డబ్బులిస్తే?"

"తోలుకు డబ్బులడిగితే ఇవ్వొచ్చు. వాడి పొద్దుకు డబ్బులెట్టా ఇస్తాం అబ్బాయా? అట్టా ఇచ్చిన పద్ధతి మాకు లేదు."

పక్కన కూర్చున్న కుర్రాడు, నిన్న ఫోన్ శ్రుతి పెట్టిన మేళంలో తాళం వేసినవాడు, ఇది వింటున్నాడు. ఆదివారం కాకుండా మంగళవారం పోతే కొట్టు దగ్గర ఎవరూ ఉండరు కదా అన్నాడు. మంగళవారం మేకను కోయరు, కోళ్ళే, అన్నాడు పెద్దాయన. అయితే పెళ్ళిళ్ళకు ముందురోజు రాత్రి కోస్తారు, అప్పుడు తొందరుండదు అన్నాడు కుర్రాడు. పెద్దాయన తల ఎత్తి వాణ్ణి చూశాడు.

"ఒలవడం నీకొచ్చా?"

"రాదు. నువ్వు చూపిస్తే ఒలుస్తా."

కార్తీకం పోయి మార్గశిరం వచ్చింది, పెళ్ళిళ్ళ కాలం. ఎవరి ఇంట్లో ఎప్పుడు లగ్గమో ఇద్దరూ లెక్కలు వేయడం మొదలుపెట్టారు. పిడుగురాళ్ళ వైపు ఒకటుంది, కానీ వాళ్ళు పొట్టేళ్ళు కోస్తారట, పొట్టేలు తోలు పల్చన. దాచేపల్లి పక్కన ఇంకొకటుంది, పది మేకలకు తక్కువ ఉండవు. వయసు ఆరునెలలు దాటకుండా ఉన్నది ఏదో ముందే పోయి చూసుకోవాలి. కుర్రాడు ఫోన్ తీసి, శ్రుతి యాప్ మూసేసి, క్యాలెండరు తెరిచి తారీఖు పెట్టుకున్నాడు. నన్ను కూడా రమ్మన్నారు, గొట్టాలకు మంచి వెదురు భద్రాచలం అడవిలో ఉంటుందని పెద్దాయన ఎక్కడో విన్నాడట, ముదిగొండ అంటే అటే కదా అని. అటు కాదు తాతా, ఇంకా వంద కిలోమీటర్ల పైన ఉంటుంది అన్నాను. "బస్సులున్నయ్యిగా" అన్నాడాయన.